45 మందిని ఒక్క ఫ్రేములో నిలబెట్టడం

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, సరిగ్గా అర్థమైందో లేదో తెలుస్తుంది. ఏడాదిగా ఫోటోలు తీస్తున్నారు. కెమెరా, లెన్సులు బాగానే ఉన్నాయి, ఎక్స్‌పోజర్ మీద పట్టు వచ్చింది. కానీ మనుషులు మీ ఎదురుగా వచ్చేసరికి కర్రల్లా బిగుసుకుపోతున్నారు. గ్రూప్ ఫోటో అయితే కొందరు కళ్లు మూసేస్తారు, కొందరు ఎటో చూస్తుంటారు. వచ్చే మాఘమాసంలో ఒక షష్టిపూర్తి ఒప్పుకున్నారు. తూర్పు ముఖం పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు. 45 మంది కుటుంబం ఒక్క ఫోటోలో రావాలి, దంపతులిద్దరికీ గోడకి కట్టుకునే ఫోటో ఒకటి కావాలి. "ఏమేం పోజులు చెప్పాలండీ?" అని అడిగారు.

పోజుల జాబితా అయితే నా దగ్గర లేదు. ఉన్నా మీకిచ్చేదాన్ని కాదు.

మా నాన్నగారిది కోనసీమలో చిన్న స్టూడియో. యాషికా డబుల్ లెన్స్ కెమెరా, రీలుకి 12 బొమ్మలు. వెనకాల రంగులతో వేసిన తెర: మెట్లు, స్తంభాలు, కొలనులో హంస. తెర పక్కన ఒక బల్ల, దాని మీద ఎవరికీ కనెక్షన్ లేని నల్లటి టెలిఫోన్. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని ఫోటో దిగేవారు. చిన్నప్పుడు అది చూసి నవ్వేదాన్ని. ఆ టెలిఫోన్ అక్కడ గొప్ప కోసం లేదని తర్వాత అర్థమైంది. ఊరికే నిలబడమంటే రెండు చేతులూ ఏం చేసుకోవాలో తెలియక అల్లాడే మనిషి, ఫోన్ చేతికి రాగానే కుదుటపడేవాడు. ఒక చెయ్యి దాన్ని పట్టుకునేది, రెండోది దానంతటదే బల్ల మీద వాలేది, తల కాస్త వంగేది. నాన్నగారు చెప్పేది ఒక్కటే: "పోజు చెప్పకు, పని చెప్పు." ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, స్కూలు గ్రూపులు తీస్తున్నాను. అంతకంటే పనికొచ్చే మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మనుషులు బిగుసుకోవడానికి పోజులు తెలియకపోవడం కారణం కాదు. మనం ఏం కోరుతున్నామో వాళ్లకి తెలియదు, అంతే. అందులోనూ మనం మాట్లాడకుండా కెమెరా వెనక స్క్రీన్ చూసుకుంటూ, బటన్లు తిప్పుకుంటూ, కనుబొమలు ముడేసుకుంటూ ఉంటే, "నేను బాగా రావట్లేదు కాబోలు" అనుకుంటారు. మొహం అక్కడే ఆరిపోతుంది. అందుకే సెట్టింగులన్నీ మనుషుల్ని పిలవకముందే అయిపోవాలి. ఆ ఇంట్లో ఒక పిల్లాణ్ని పట్టుకుని, దంపతులు కూర్చునే చోట కూర్చోబెట్టి, వెలుగు, ఫోకస్, ఫ్రేము అన్నీ చూసుకోండి. అసలు మనుషులు వచ్చాక మీ కళ్లు వాళ్ల మీదే ఉండాలి, నోరు ఆడుతూ ఉండాలి. లైటు తప్పిందని తెలిసినా మొహంలో కనపడనివ్వకండి. "బాగుందండీ, ఇంకోటి" అంటూనే సరిచేసుకోండి. మొదటి మంచి ఫోటో పడగానే ఒక్కసారి వాళ్లకి చూపించండి, ధైర్యం వస్తుంది. రెండోసారి చూపించారంటే చుట్టూ పదిమంది మూగి తలా ఒక మాట చెబుతారు. ఇక ఆ పూట మీ చేతుల్లో ఉండదు.

మాటల్లో ఇంకో చిక్కు ఉంది. "కొంచెం కుడికి" అంటే వాళ్ల కుడా, మీ కుడా? సగం మంది అటూ, సగం మంది ఇటూ తిరుగుతారు. కుడి ఎడమలు వదిలేయండి. "నూతి వైపు జరగండి", "గుమ్మం వైపు చూడండి", "అరటిచెట్టు వైపు భుజం పెట్టండి" అనండి. ఏదైనా చేసి చూపించాల్సి వస్తే, అద్దంలో బొమ్మలా వాళ్లకి ఎదురుగా నిలబడి మీరే చేసి చూపించండి. వాళ్లు మిమ్మల్ని చూసి అలాగే చేస్తారు. చెయ్యి వేసి సర్దడం మాత్రం వద్దు. చీర కుచ్చిళ్లు చెదిరినా, పైట జారినా, వాళ్లమ్మాయినో కోడల్నో పిలిచి "కాస్త చూడండమ్మా" అనండి. నేను ఆడదాన్ని, అయినా అడక్కుండా ఎవరి కొంగూ ముట్టుకోను. ఇది కొత్తగా పుట్టిన మర్యాదేం కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో ఆడవాళ్ల కోసం వేరుగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టారు. కెమెరా ముందున్న మనిషికి సంకోచం ఉంటే ఎంత గొప్ప లైటింగూ పనికిరాదని ఆయనకి తెలిసే ఉంటుంది.

ఇక దంపతుల ఫోటో. దీని మీదే ఎక్కువ రాస్తాను. గ్రూప్ ఫోటో కష్టంగా కనిపిస్తుంది కానీ అది ఏర్పాట్ల పని. ఇద్దరి ఫోటోకి మాత్రం ఓర్పు కావాలి.

తూర్పు ముఖం ఇల్లంటున్నారు కాబట్టి ఉదయం 8 గంటలకి ఎండ నేరుగా అరుగు మీద పడుతుంది, కళ్లు చికిలిస్తారు. 11 దాటాక చూడండి. సూర్యుడు పైకెక్కాక చూరు నీడ అరుగు మీదకి వస్తుంది, వాకిట్లో మాత్రం ఎండ కాస్తూ ఉంటుంది. ఆ వాకిలి నేల మీద పడి తిరిగొచ్చే వెలుగు అరుగు మీద కూర్చున్నవాళ్ల మొహాల మీద వెన్నలా పరుచుకుంటుంది. ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే ఏ సాఫ్ట్‌బాక్సూ అలా ఇవ్వదు. వాకిలి సిమెంటుదో మట్టిదో అయితే మంచిది. పచ్చగడ్డి ఉంటే మొహాలకి ఆకుపచ్చ ఛాయ వస్తుంది, అప్పుడు గడ్డి మీద ఒక తెల్ల పంచె పరిపించండి. ఇద్దరినీ అరుగు అంచుకి దగ్గరగా, వాకిలి వైపు కాస్త ఏటవాలుగా కూర్చోబెట్టండి. వెనకాల తెరిచిన గుమ్మంలోని చీకటి వచ్చేలా చూసుకోండి. పసుపు రాసిన గడప, మామిడి తోరణం ఫ్రేములోకి వస్తే రానివ్వండి. స్టీలు డ్రమ్ము, చెప్పుల గుట్ట, గోడకి వేలాడే చార్జర్ వైరు తీయించేయండి. సీను కట్టడమంటే నా లెక్కలో ఉన్నవాటిలోంచి అక్కర్లేనివి తీసేయడం. కొత్తవి తెచ్చి పెట్టడం చాలా తక్కువ.

తర్వాత పని. షష్టిపూర్తి ఇంట్లో తమలపాకులు, వక్కలు ఎలాగూ ఉంటాయి. ఆవిడ చేతికి ఆకులిచ్చి, "అమ్మా, బాబాయిగారికి ఒక చిలక చుట్టివ్వండి" అనండి. చుట్టినట్టు నటించమనకండి. నిజంగానే ఆకు తుడవాలి, ఈనె తీయాలి, సున్నం రాయాలి, ఆయనకివ్వాలి, ఆయన నమలాలి. మొదటి చిలక కెమెరా కోసం చుడతారు. రెండోదానికి కెమెరా ఉందని గుర్తుంటుంది. మూడోదానికి వచ్చేసరికి ఆవిడ "సున్నం ఎక్కువైందా?" అని నిజంగానే అడుగుతుంది. అక్కడ నొక్కండి. చేతులు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాదు.

ఒక చిన్న అక్కసు ఇక్కడ చెప్పుకోనివ్వండి. ఈ మధ్య ప్రీ వెడ్డింగ్ షూట్లలో జీవితంలో రోకలి పట్టని అమ్మాయి చేతికి రోకలి ఇస్తున్నారు, ఎడ్లబండి ఎక్కని అబ్బాయిని బండి తోలమంటున్నారు. ఆ రోకలి పట్టుకున్న తీరు చూస్తే మా అత్తగారు ఒక్క క్షణంలో కనిపెట్టేస్తుంది. చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఎక్కడో అబద్ధం ఉందని తెలుస్తుంది. వాళ్లిద్దరూ నిజంగా కలిసి చేసే పని ఏదో అడగండి. ఒక జంట ఆదివారం కలిసి బైకు కడుక్కుంటామన్నారు. బకెట్, నురగ, పాత టీషర్టులు. ఆ ఏడాది నేను తీసినవాటిలో అదే నాకు బాగా నచ్చిన సెట్.

మళ్లీ మన దంపతుల దగ్గరికి. తాంబూలం అయ్యాక కెమెరా వైపు చూసే ఫోటో ఒకటి కావాలి కదా, పెద్దలు గోడకి కట్టేది అదే. ఇక్కడ "నవ్వండి" అన్న మాట నోటి నుంచి రాకూడదు. ఫ్రెంచి వైద్యుడు డుషేన్ 1862లోనే రాశాడు: పెదాల చివర్లు పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది, కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుంది అని. అడిగి తెప్పించిన నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది అందుకే. కాబట్టి నవ్వు అడక్కండి, ఏదైనా అడగండి. నేను తప్పకుండా అడిగేది ఒకటుంది. ఆవిడ వైపు తిరిగి, "పెళ్లిచూపులకి వచ్చినప్పుడు బాబాయిగారు ఏ రంగు చొక్కా వేసుకున్నారమ్మా?" అంటాను. ఆవిడ "నీలం" అంటుంది. ఆయన "నీలం కాదు, తెలుపు" అంటాడు. "మీకేం గుర్తుంటుంది లెండి" అంటుంది ఆవిడ. వేలు బటన్ మీద ఉంచుకుని మీరు నోరు మూసుకోండి. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నాకు రెండుసార్లు మాత్రమే ఎదురు తిరిగింది. ఒకాయన నిజంగానే ఏడ్చేశాడు, అది వేరే కథ.

పాతకాలం పెద్దవాళ్లు కొందరు నవ్వరు. ఫోటో అంటే గంభీరంగా ఉండాలని వాళ్ల లెక్క. పళ్లు కనపడాలని వాళ్లని వేధించకండి. ప్రశాంతంగా ఉన్న మొహం చాలు.

శరీరం గురించి నాలుగు మాటలు. "గడ్డం కిందకి దించండి" అంటే మెడ దగ్గర మడతలు పడతాయి, మనిషి కుంచించుకుపోతాడు. నేను "నూతిలోకి తొంగిచూడండి" అంటాను. నడుము నిటారుగా ఉంచి మెడ ముందుకు చాస్తారు, దవడ గీత తేలుతుంది. అలాగే ఉండి కళ్లు మాత్రం నా వైపు తిప్పమంటాను. వాళ్లకి వింతగానే ఉంటుంది కానీ ఫోటోలో బాగుంటుంది. నిలబడితే బరువంతా వెనక కాలి మీద వేయమనండి, మిగిలిన ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. కళ్లద్దాల్లో వెలుగు మెరుస్తుంటే అద్దాలు తీయించకండి, రోజూ పెట్టుకునే మనిషి అవి లేకపోతే తనలా ఉండడు. చెవి మీది కాడల్ని వేలెడు పైకెత్తి ఆనించమంటే అద్దాలు కాస్త కిందకి వాలతాయి, మెరుపు పోతుంది. మగవాళ్ల తెల్ల చొక్కా జేబులో ఫోను, కళ్లజోడు పెట్టె, పది రూపాయల నోట్ల కట్ట ఉంటాయి. నేను ఒక పళ్లెం పట్టుకెళ్లి అన్నీ అందులో వేయమంటాను, హుండీలా. కొన్నిసార్లు చేతికి ఏదైనా ఇవ్వడం కంటే చేతిలోంచి తీసేయడమే ఫోటోని మారుస్తుంది. 1941 డిసెంబరు 30న ఒట్టావాలో ఫోటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్ బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేసుకున్నాడు. ఆ కోపపు చూపే ప్రపంచమంతా తెలిసిన ఫోటో అయ్యింది. షష్టిపూర్తి పెళ్లికొడుకుతో మీరు ఆ సాహసం చేయకండి.

లెన్సు సంగతి ఒకటి జాగ్రత్త. బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవాలని 85 ఎంఎం లెన్సుతో ఎఫ్ 1.8లో, అంటే లెన్సు కన్నం బాగా తెరిచి, తీయాలనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ రీలు బొమ్మంత సెన్సార్ ఉన్న) కెమెరాలో 3 మీటర్ల దూరం నుంచి అలా తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 13 సెంటీమీటర్లే. ఆయన ఒక జానెడు వెనక్కి వాలితే ఆవిడ స్పష్టంగా, ఆయన మసగ్గా వస్తారు. కన్నం చిన్నది చేసి ఎఫ్ 4కి వెళ్తే ఆ లోతు దాదాపు 30 సెంటీమీటర్లవుతుంది, ఇద్దరికీ సరిపోతుంది. రెండు మొహాలూ కెమెరాకి సమాన దూరంలో ఉండేలా కూర్చోబెట్టడం ఇంకా మంచిది.

ఇప్పుడు 45 మంది. ఇక్కడ మొదటి ప్రశ్న ఎప్పుడు, ఎక్కడ అన్నది. మీ అరుగు ముందు మధ్యాహ్నం 12కి తీశారంటే ముందు వరస ఎండలో, వెనక వరస చూరు నీడలో ఉంటుంది. ఆ తేడాని ఏ ఫ్లాషూ పూడ్చలేదు. షామియానా వేస్తారు కదా అనుకోకండి. ఎర్ర గుడ్డ, పసుపు గుడ్డ గుండా వచ్చే వెలుగులో అందరి మొహాలూ పచ్చకామెర్లొచ్చినట్టుంటాయి, అది ఎడిటింగ్‌లోనూ పూర్తిగా పోదు. రెండే దారులు. 45 మందీ దగ్గరి బంధువులే కాబట్టి సాయంత్రం దాకా ఉంటారేమో అడగండి. ఉంటే 4 గంటలకి ఇంటి నీడ వాకిలంతా పరుచుకుంటుంది, అరుగు ముందే తీయొచ్చు. భోజనాలు కాగానే బస్సు అందుకోవాలి అంటే, ఇంటికి ఉత్తరం వైపు గోడ చూసుకోండి. మాఘమాసంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలే తిరుగుతాడు కాబట్టి ఆ గోడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడలోనే ఉంటుంది. అక్కడ అరుగు ఉండదు, భోజనాల బల్లలు గట్టివి రెండు మూడు వేసి మెట్టు చేసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ మీద మాత్రం ఎవరినీ నిలబెట్టకండి. ఎప్పుడు తీసినా భోజనాలకి ముందో, లేకపోతే అందరూ కాస్త నడుం వాల్చి లేచి మొహం కడుక్కున్నాకో తీయాలి. తిన్న వెంటనే తీస్తే అందరి కళ్లలోనూ నిద్రే.

పేర్ల పట్టిక ముందు రోజే రాసుకోవాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లిలో గ్రూప్ తీస్తుంటే, ఒక ముసలావిడ స్తంభం పక్కన తెల్లచీరలో నిలబడి చూస్తోంది. "రండి మామ్మగారూ" అన్నాను. "నేనెందుకమ్మా, మీరు కానివ్వండి" అంది. వంటవాళ్ల తాలూకో, పొరుగింటావిడో అనుకుని ఊరుకున్నాను. ఆల్బమ్ ఇచ్చిన రోజున పెళ్లికొడుకు తండ్రి పేజీలన్నీ తిప్పి, మళ్లీ మొదటినుంచి తిప్పి, "మా అమ్మ ఎక్కడా లేదేంటమ్మా?" అన్నాడు. అప్పటికి ఆవిడ పోయి నెల. భర్త పోయిన ఆడవాళ్లు శుభకార్యాల్లో అలా పక్కకి తప్పుకుంటారని నాకు తెలియక కాదు, ఆ నిమిషంలో తట్టలేదు. ఇప్పుడు ఇంటి పెద్దని ముందే అడుగుతాను: "కుర్చీల్లో ఎవరెవరు కూర్చుంటారు? అమ్మగారో అత్తగారో ఎవరైనా పక్కకి జరిగేవాళ్లున్నారా?" అలాంటివాళ్లుంటే మొదటి కుర్చీ వాళ్లకే వేయించి, మనవణ్నో మనవరాల్నో పంపి చెయ్యి పట్టుకుని తీసుకురమ్మంటాను. మనవలు పిలిస్తే కాదనరు.

కుర్చీలు ఎవరివన్నది మీరు తేల్చకండి. పెద్దల్లుడు నిలబడి చిన్నల్లుడు కూర్చుంటే పదేళ్ల పాటు మాటలుండవు, ఆ పాపం ఫోటోగ్రాఫర్‌కి చుట్టుకుంటుంది. ఇంట్లో గొంతు ఉన్న మనిషి ఒకరుంటారు, మేనత్తో, చిన్న మేనమామో. అందర్నీ పేరుపెట్టి పిలవడం వాళ్ల పని, నిలబెట్టడం మీ పని.

నిలబెట్టడం బొమ్మల కొలువులాంటిదే. ఏ బొమ్మా ఇంకో బొమ్మ వెనక దాగకూడదు. ముందు మధ్యలో కుర్చీల్లో దంపతులు, వాళ్లకి అటూ ఇటూ పెద్దవాళ్లు, మొత్తం 9 కుర్చీలు. వాళ్ల వెనక నేల మీద 14 మంది, అరుగు మీద 14 మంది, ముందు జంపఖానా మీద పిల్లలు 8 మంది. లెక్క సరిపోయింది కదా. అరుగు రెండడుగులుంటే పొడుగువాళ్లని నేల మీద, పొట్టివాళ్లని అరుగు మీద నిలబెట్టండి. అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు, అప్పుడు పై వరస గాల్లో తేలుతున్నట్టుంటుంది. నిలబడ్డవాళ్లు కెమెరాకి ఎదురుగా ఛాతీ చూపిస్తూ కాకుండా దంపతుల వైపు అర భుజం తిప్పాలి. ఒక్కొక్కరు పట్టే చోటు తగ్గుతుంది, అందరి చూపూ మధ్యకే చేరుతుంది. వెనకవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: "మీకు కెమెరా కనిపిస్తే కెమెరాకి మీరు కనిపిస్తారు." ఇక ఎవరూ నన్ను "నేను పడుతున్నానా?" అని అడగరు. చివరల్లో ఉన్నవాళ్లని ఒక అడుగు ముందుకి రమ్మంటే వరస చంద్రవంకలా వంగుతుంది. ఒకే రంగు చీరలు కట్టుకున్న అక్కచెల్లెళ్లు ఒకచోట గుంపు కడితే విడదీసి రెండు వైపులా పంచండి. పసిపిల్లలు అన్నిటికంటే చివర రావాలి. ముందే కూర్చోబెడితే మీరు రెడీ అయ్యేసరికి ఏడుపు మొదలు.

14 మంది భుజాలు కాస్త ఒకరి మీద ఒకరు పడేలా నిలబడితే సుమారు 6 మీటర్లు. అటూ ఇటూ కాస్త ఖాళీ కలిపి 7 మీటర్లు ఫ్రేములో పట్టాలంటే, ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం లెన్సుతో మీరు 10 మీటర్ల దూరం వెళ్లాలి, 35తో అయితే 7 మీటర్లు చాలు. చోటుంటే 50 వాడండి. 24తో దగ్గరికి వెళ్లి తీస్తే చివరన ఉన్నవాళ్ల తలలు గుమ్మడికాయల్లా సాగుతాయి, ఎప్పుడూ చివర నిలబడేది ఇంటి కోడళ్లే. లోతు గురించి భయపడనక్కర్లేదు. అంత దూరం నుంచి 50 ఎంఎం ఎఫ్ 5.6లో నాలుగు వరసలూ సుఖంగా వస్తాయి. ఫోకస్ దంపతుల మీద పెట్టండి. షట్టర్ 1/200 సెకను దగ్గర ఉంచండి, దానికోసం ఐఎస్‌ఓ (వెలుగుని పెంచి చూపే సెట్టింగ్) పెరిగినా పర్వాలేదు. కాస్త నాయిస్, అంటే చుక్కల గరుకు, ఉన్న మొహాన్ని ఎవరూ తప్పుపట్టరు, కదిలిన మొహాన్ని పడతారు. నిచ్చెనో గట్టి స్టూలో ఎక్కి పైనుంచి తీయండి. వరసలు విడివిడిగా కనిపిస్తాయి, అందరూ మొహం ఎత్తి చూస్తారు.

ఇక కళ్లు మూసుకోవడం. దీనికి ఒక సరదా లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో సీఎస్‌ఐఆర్‌ఓ అనే పరిశోధన సంస్థకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు, ఎవరూ రెప్ప వేయని ఫోటో ఒకటి దక్కాలంటే ఎన్ని తీయాలో లెక్కగట్టారు. దానికి 2006లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 20 మంది లోపు గుంపు అయితే మంచి వెలుగులో తలల సంఖ్యని మూడుతో, వెలుగు తక్కువైతే రెండుతో భాగించాలి. అంటే 12 మందికి పగలు 4, చీకటి హాల్లో 6 ఫోటోలు. మీ 45 మందికి ఈ లెక్క చెల్లదు, అంత గుంపులో ఎవరో ఒకరు ఎప్పుడూ రెప్ప వేస్తూనే ఉంటారు. అందుకే కెమెరాని ట్రైపాడ్ మీద బిగించి, కదపకుండా 10 ఫోటోలైనా తీసుకోండి. ఒకదాంట్లో కళ్లు మూసుకున్న మావయ్యకి ఇంకోదాంట్లోంచి మొహం తెచ్చి అతికించడం పది నిమిషాల పని. కెమెరా కదిలితే మాత్రం అదే పని రాత్రంతా పడుతుంది.

"ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టకండి. మూడు కోసం కళ్లు పెద్దవి చేసి బిగబట్టి, సరిగ్గా మూడు దగ్గర రెప్ప వేస్తారు. "అందరూ కళ్లు మూసుకోండి" అనండి. నవ్వులు మొదలవుతాయి. "తెరవండి" అని, అర సెకను ఆగి నొక్కండి. రెండు మూడుసార్లు ఇలా చేయండి. తర్వాత "అయిపోయిందండీ, థాంక్స్" అని గట్టిగా చెప్పి, కదలకుండా అక్కడే ఉండి వెంటనే ఇంకో నాలుగు తీయండి. భుజాలు దిగుతాయి, పక్కవాళ్ల వైపు తిరుగుతారు, ఎవరో ఎవరినో గిల్లుతారు. నా ఆల్బముల్లో గ్రూప్ ఫోటో కింద సగానికి సగం ఈ "అయిపోయిందండీ" ఫోటోలే ఉంటాయి.

అందరూ కెమెరా వైపే చూడాలన్న పట్టుదల కూడా వదిలేయండి. 1958లో ఆర్ట్ కేన్ న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధిలో ఒక ఇంటి మెట్ల ముందు 57 మంది జాజ్ సంగీతకారుల్ని నిలబెట్టి ఫోటో తీశాడు. ఎన్నాళ్లకో కలిసినవాళ్లు, కబుర్లు ఆపితే కదా. ఒకాయన పక్కవాడి పిలుపుకి తల తిప్పేశాడు, పియానో వాయించే కౌంట్ బేసీ నిలబడి నిలబడి విసిగి ఫుట్‌పాత్ అంచున పిల్లల పక్కన కూలబడ్డాడు. ఆ ఫోటో అలాగే ఉండిపోయింది, అలా ఉండటమే దాని అందం. మీ షష్టిపూర్తి గుంపు కూడా ఎన్నేళ్లకో ఒకచోట చేరిన గుంపే.

గ్రూపుకి 15 నిమిషాలు మించనివ్వకండి. కుర్చీలు, జంపఖానా, నిచ్చెన, ట్రైపాడ్ ముందే సర్ది ఉంటే అంతకన్నా అక్కర్లేదు. 45 మంది అయ్యాక అందర్నీ పంపేయకుండా దంపతులతో పిల్లలు, మనవలు, తోడబుట్టినవాళ్లు అని చిన్న గుంపులు అక్కడే విడదీసి తీసుకోండి. మళ్లీ పిలిస్తే ఎవరూ రారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల ఫోటోలు ముందు తీసి పంపేయండి.

మీ కెమెరా ఫుల్ ఫ్రేమో, అంతకంటే చిన్న సెన్సార్ ఉండే క్రాప్ సెన్సారో రాయలేదు. క్రాప్ అయితే పైన 50 ఎంఎం అన్నచోటల్లా 35 అని చదువుకోండి, దూరాలు దాదాపు అవే. ముందు రోజు మధ్యాహ్నం ఒకసారి, 4 గంటలకి ఒకసారి ఆ ఇంటికెళ్లి నీడ వాకిట్లో ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీత గీసుకుని రండి. మర్నాడు ముగ్గు వేసేవాళ్లకి మాత్రం ఆ గీత చెరపొద్దని చెప్పండి.